మడత చాకు – చేసిన చేతి జాడ

గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు చాకును గూర్చిన వ్యాసమేమని కొందరు చదువరులు అనుకొనవచ్చును. కాని పుస్తకమునకును కత్తికిని గల చుట్టరికము చాల పాతది. కాగితము మన ఊళ్ళకు రాకపూర్వము పుస్తకమనగా తాటాకుల కట్ట. ఆకును కొలతకు కోయుటకును, అంచులు సరిచేయుటకును కత్తి కావలసియుండెను. అక్షరము గీయుటకు గంటము కావలసియుండెను. ఈ రెండింటిని విడివిడిగా మోయనక్కరలేకుండ, ఒకే పిడిలో గంటమును చిన్న కత్తిని మడిచిపెట్టిన పనిముట్లు దక్షిణదేశమున వాడుకలో నుండెను. చదువుకొన్నవాని మడత చాకు అదియే.

తాళపత్ర గ్రంథముల చివర వ్రాయసకాండ్రు తరచుగా సంవత్సరము, మాసము, తిథి, తమ పేరు వ్రాసికొనిరి. తప్పులున్న మన్నింపుడని వేడుకొన్నవారును కలరు. అందువలన రెండుమూడు వందల ఏండ్ల నాటి వ్రాయసకాని పేరు నేడు మనకు తెలియుచున్నది. వాని చేతిలోని గంటమును చేసిన కమ్మరి పేరు మాత్రము ఆ ఆకుపై లేదు, గంటముపైనను లేదు. పేరు లేని ఆ మనిషిని వస్తువును బట్టి గుర్తుపట్టుట సాధ్యమా? సాధ్యమైనచో, అతడు నేర్చుకొనుచున్న నాళ్ళ పనిని, చేయి తిరిగిన తరువాతి పనినుండి వేరుచేసి చెప్పవచ్చునా? చేతితో చేసిన చాకులను కూర్చువారికి నిత్యము ఎదురగు ప్రశ్న ఇది. చరిత్ర వ్రాయువారికిని ఇదియే ప్రశ్న.

హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలను మనలో చాలమంది చూచియుందురు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూర్చిన వస్తువులతో అది 1951 డిసెంబరు 16న ప్రారంభమై, 1968లో మూసీ ఒడ్డున నేడున్న భవనమునకు మారినది. అచ్చట జహంగీరు పాదుషా బాకును, నూర్జహాను పండ్లకత్తిని జనులు గుమిగూడి చూచెదరు. రత్నములు పొదిగిన ఆ పిడులను ఎవరు పట్టిరో అందరికిని తెలియును. ఎవరు చేసిరో అడుగువారు అరుదు. వాడినవాని పేరు నిలిచి, చేసినవాని పేరు పోవుట లోకములో మామూలే గాని, అది మామూలైనందువలన న్యాయము కాజాలదు.

చాకు చూచుటకు చిన్నది, చేయుటకు పెద్దది. కొడవలియో గొడ్డలియో ఒక ఇనుప ముక్కతో ముగియును. మడత చాకులో అలుగు, అది తిరుగు శీల, వెనుకనుండి దానిని అదిమిపట్టు మర, ఈ మూడును ఒకదానితో నొకటి పొత్తు కుదరవలెను. అలుగు మొదలు పలకలుగా దీర్చబడియుండును. మర ఆ పలకలపై ఒత్తుటచేత తెరచిన చాకు తనంత మూసికొనదు, మూసిన చాకు జేబులో తెరచికొనదు. శీల బిగువైనచో తెరచువాని గోరు విరుగును. వదులైనచో అలుగు ప్రక్కలకు ఊగును. మరకు పదును చాలనిచో కొన్నాళ్ళకు వంగిపోవును. మించినచో పెళుసెక్కి ఒకనాడు ఫట్టున విరుగును. అలుగునకు కావలసిన పదును వేరు, మరకు కావలసిన పదును వేరు. ఒకే కొలిమి ముందు కూర్చుండి ఒకే ఉక్కునకు రెండు స్వభావములు తెప్పించినవాడే చాకు చేయగలవాడు. కొడవలిలోని లోపమును మంచి పిడి కొంత కప్పును. చాకులోని లోపము తెరచి మూసినంతనే చేతికి తగులును. చేసినవాని చేయి ఇందు తెలిసినంతగా మరి ఏ పనిముట్టునందును తెలియదనుట అతిశయోక్తి గాదు.

ఎవ్వడును మొదటి చాకునందే ఈ పొత్తును సాధింపలేడు. అందువలన తొలినాటి పని కొన్ని గుర్తులను మోయుచుండును. అలుగు అవసరమునకు మించి మందముగా నుండును, సన్నబరచినచో విరుగునేమో యను భయము అందు కనిపించును. రెండు శీలలు చాలినచోట నాలుగు ఉండును. గోటితో పట్టి తెరచుటకు అలుగుపై గీసిన గాడి, శీలకు మరీ దగ్గరగా పడి, తెరచుట కష్టమగును. పిడి వెలుపల నునుపుగా నున్నను, లోపలి వైపున ఆకురాయి గీతలు అట్లే మిగిలిపోవును. చేయి తిరిగిన కొలది శీలలు తగ్గును, మందము తగ్గును, కంటికి కనబడని లోపలి వైపును వెలుపలి వలెనే శుభ్రపడును. ఐనను మోటుగా నున్నదెల్ల తొలిపని యనుకొనరాదు. వృద్ధాప్యమున కన్ను మందగించిన పనివాడును మోటుగానే చేయును. అగ్గువకు అడిగిన గిరాకికి అగ్గువ పనియే చేసి యిచ్చును. భయముచేత వచ్చిన మోటుదనమును, అలసటచేత వచ్చిన మోటుదనమును వేరుచేయుట పది చాకులు చూచినవానికి రాదు. నూరు చూచినవానికి కొంత వచ్చును.

పాశ్చాత్య దేశములలో ఈ విద్య బాగుగా పెరిగినది. ఫ్రాన్సులోని లయోల్ అను పల్లెలో 1829 ప్రాంతమున పుట్టిన మడత చాకు మన రైతుల చాకు వలెనే పశువుల కాపరుల చాకు. సుమారు 1880లో దానికి సీసా బిరడాలు తీయు మర చేర్చిరి; మరపై తేనెటీగ బొమ్మ 1908–09 ప్రాంతమున గాని రాలేదు. ఈ సంగతి తెలిసినవానికి, తేనెటీగ గల చాకును చూపి ఇది నూటయేబది ఏండ్ల నాటిదని ఎవరును అమ్మలేరు. అదే దేశమున జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన కొయ్యపిడి చాకునకు కిరీటము ధరించిన హస్తము ముద్రగా 1909లో వచ్చెను. తెరచిన అలుగు వ్రేళ్ళపై పడకుండ త్రిప్పు ఉంగరము, పెద్ద పరిమాణముల చాకులకు, 1955లో వచ్చెను. ఉంగరము లేని పెద్ద ఓపినెల్ దొరికినచో అది ఆ యేటికి ముందుదని చెప్పుటకు పండితుడు కానక్కరలేదు.

ఇవి ఊరి పేరుతోను కర్మాగారపు పేరుతోను నడచిన చాకులు. ఒక్క మనిషి చేతిపనికి వచ్చునప్పటికి కథ మరింత రుచిగా నుండును. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున విలియం స్కేగెల్ అను పనివాడు, 1963లో మరణించువరకు దాదాపు ఒంటరిగా పనిచేసి, మడత చాకులను, మడవని కత్తులను చేసెను. తోలుబిళ్ళలు పేర్చి, చివర జింక కొమ్ము బిగించిన పిడి అతని గుర్తు. 1930లలో ఫ్లారిడా వాడైన రాండల్ ఒక సరస్సు ఒడ్డున ఎవరో పడవకు అంటిన పాతరంగును కత్తితో గోకుచుండగా చూచెను. అంత మోటుపనికిని ఆ కత్తి వాదర చెడలేదు. అది స్కేగెల్ చేసినది. రాండల్ దానిని కొనుక్కొనిపోయి, అట్టిది చేయవలెనని తానును కొలిమి పెట్టెను. తరువాత అతని పేరు ప్రపంచమంతట వినబడినది. అతని తొలి కత్తులను పరీక్షించువారు అందు స్కేగెల్ ఛాయకై వెదకుదురు.

ఇందు మనకు పనికివచ్చు సంగతి యొకటి యున్నది. పనివాని తొలి శైలి తరచుగా అతని సొంతము కాదు, గురువుది. మన ఊళ్ళలో తండ్రి సుత్తె పట్టగా కొడుకు తిత్తి ఊదుచు నేర్చుకొన్నాడు. అట్టిచోట కొడుకు తొలిపనిని తండ్రి కడపటి పనినుండి వేరుచేయుట ఎంతటివానికైనను కష్టమే. గురువును వదలి తనది అనదగిన మొదటి మార్పును ఎప్పుడు చేసెనో, ఆనాడు ఆ పనివాడు పుట్టినట్లు లెక్క. 1980 ప్రాంతమున అమెరికాలో మైకేల్ వాకర్ అనునాడు, పిడి లోపలి రేకునే కొంత చీల్చి వంచి, తెరచిన అలుగు వెనుకకు అది వచ్చి అడ్డుపడునట్లు చేసెను. నేడు బజారున దొరకు చాకులలో ఎన్నింటియందో ఉన్న ఆ అడ్డురేకు అతని చేతినుండి వ్యాపించినదే.

మరి ముద్ర యున్నచో చిక్కు తీరినట్లేనా? తీరదు. ఇంగ్లండులోని షెఫీల్డునుండి వచ్చిన రోజర్సు చాకులపై నక్షత్రము, శిలువ ముద్రలుగా నుండెను. ఆ చాకులకు ఎంత పేరో, దొంగముద్రలకు అంత గిరాకి. పారశీక దేశపు ఖడ్గముల సంగతి ఇంకను విచిత్రము. ఇస్ఫహాను నగరపు అసదుల్లా పని యని చెక్కిన కత్తులు ఎన్నియో ప్రదర్శనశాలలలో నున్నవి. వానిపై నున్న కాలములను కూర్చి చూచినచో ఒక్క మనిషి ఆయుర్దాయమునకు అవి ఏమాత్రము ఇమడవు. అసదుల్లా యనువాడు మహాశిల్పియై యుండును. తరువాతివారు ఆ పేరును ముద్రగా వాడుకొనిరి. పేరు పోయినచో చరిత్ర పోవుననుకొందుము. పేరు మిగిలియు చరిత్ర తారుమారగుటకు ఇది సాక్ష్యము.

ఆ పారశీక ఖడ్గములను గూర్చి మనము మాటలాడుటకు వేరొక హక్కు కలదు. వానిలో మేలైన వాటికి ఉక్కు మన తెలుగునాటినుండి పోయెను. 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమును చూచిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పారశీకులు నీటిఅలల వంటి చారలు తేల్చుటకు పనికివచ్చు ఉక్కు గోలకొండ సీమనుండి వచ్చుచున్నదని వ్రాసినాడు. ఆ ఉక్కు పుట్టిన ఊళ్ళలో ప్రసిద్ధమైనది నేటి నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి మండలములోని కోనసముద్రము. మన కేసముద్రము వలెనే పేరు చివర సముద్రము గల ఊరు. మనవైపు పెద్ద చెరువును సముద్రమనుట వాడుక గదా.

భూమి కొలతల శాఖలో వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడునై పనిచేసిన వాయిసీ యను ఆంగ్లేయుడు కోనసముద్రమున కూర్చుండి ఆ పనిని కన్నులార చూచి వ్రాసెను. అతడు 1824లో మరణించగా, ఆ వ్రాత 1832లో కలకత్తా ఆసియా సంఘపు పత్రికలో అచ్చయినది. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును మూడుపాళ్ళు, రెండుపాళ్ళుగా కలిపి మట్టిమూసలో పెట్టుదురు. ఆ మూసమట్టిలో వరి ఊక కలుపుదురు. నాలుగు తిత్తులతో ఇరువదినాలుగు గంటలు మంట ఆరకుండ ఊదుదురు. మూస చల్లారిన పిదప పగులగొట్టగా సుమారు పౌనున్నర బరువుగల ఉక్కుబిళ్ళ వచ్చును. అది అప్పుడే సుత్తెకు లొంగదు. మట్టి పూసి మరల కొలిమిలో పండ్రెండు, పదునారు గంటలు కాచి చల్లార్చుదురు. ఇట్లు మూడు నాలుగు మారులు చేసిన పిదప గాని అది మెత్తబడదు. వాయిసీ పోయిననాడు ఉక్కు కొనుటకు వచ్చిన పారశీక వర్తకుడొకడు అచ్చటనే యుండెను. తమ దేశమున ఇట్టి ఉక్కు చేయ ప్రయత్నించి విఫలులైరని అతడే చెప్పెనట! ఇంత వివరముగా వ్రాసిన ఆ గ్రంథకర్త, కొలిమి ముందు చెమటోడ్చుచున్న కమ్మరుల పేర్లను మనకు అందింపలేదు. వర్తకుని సంగతి మిగిలినది.

ఈ ఉక్కు చాకుగా మారిన కథ లండనులో నడచినది. బొంబాయినుండి డాక్టరు స్కాట్ పంపిన ఉక్కుబిళ్ళలు రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సునకు చేరెను. మన ఉక్కు అను మాటయే వారి నోట ‘వూట్జ్’ అయినదని పెక్కురు పండితుల అభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ దానిపై పరిశోధన వ్యాసము చదివెను. అధ్యక్షుని కోరికపై స్టోడార్టు అను పనివాడు ఆ ఉక్కుతో కలము చెక్కు చాకునొకదానిని సాగగొట్టెను. ఉక్కును బాగుగా ఎఱ్ఱబడనీయక, చీకటిలో మాత్రమే మెరుపు కనిపించునంత తక్కువ వేడిమిలో దానిని కొట్టెనని పియర్సన్ వ్రాసినాడు. దాని వాదర మేలైన ఉక్కుచాకు వాదరకు తీసిపోలేదు. అది మొదలు స్టోడార్టు తన అంగడి చీటిపై, శస్త్రచికిత్స కత్తులకు, మంగలికత్తులకు ఐరోపా ఉక్కుకంటె భారతదేశపు ఉక్కే తనకు మేలని అచ్చువేయించెను. 1823లో మరణించువరకు అతడు మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కును గూర్చి ప్రయోగములు చేసెను. విద్యుత్తు విషయమున జగత్ప్రసిద్ధుడైన ఫారడే తన తొలినాళ్ళలో తల పట్టుకొని కూర్చున్నది మన ఉక్కు ముందేనని తలచినప్పుడు నాకు కలుగు సంతోషమును దాచుకొనజాలను.

స్టోడార్టు పేరు తెలియును. అతనికి ఉక్కునిచ్చిన చేయి తెలియదు. కాని పేరు లేకున్నను జాడ తీయు మార్గములు ఇటీవల బయలుదేరినవి. ఫ్లారిడాలో గుఱ్ఱములకు నాడాలు కొట్టు పెండ్రే (2017లో మరణించెను) అను పనివాడును, అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయపు (అయోవా స్టేట్ యూనివర్సిటీ) ఆచార్యుడు వెర్హోవెనును కలిసి యేండ్ల తరబడి ఆ ప్రాచీన ఉక్కును మరల చేయజూచిరి. 1998లో వారు ప్రకటించిన ఫలితము ఆశ్చర్యకరము: కత్తిపై చారలు తేలుటకు కమ్మరి నేర్పు ఒక్కటియే చాలదు; ఇనుపరాతిలో వెనేడియము వంటి ధాతువు అతిస్వల్పముగా నుండవలెను. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు అసదుల్లా పేరుగల 17వ శతాబ్దపు ఖడ్గపు ముక్కలో, కంటికి కానరాని బొగ్గు గొట్టములు ఉన్నవని ప్రకటించిరి. చేసినవాని శైలి అని మనమనుకొనునది సగము చేతిది, సగము నేలది అన్నమాట. రాయి మారినచో శైలియు మారును. పనివాడు నేర్పు కోల్పోయెనని అట్టిచోట తొందరపడి తీర్పు చెప్పరాదు.

తెలంగాణ ఉత్తర జిల్లాలలో ఉక్కు చేసిన ఊళ్ళ అంచులలో నేటికిని చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసపెంకులు దొరకుచున్నవి. థెల్మా లో అను పరిశోధకురాలు 1980ల చివర కోనసముద్రపు పెంకులను పరీక్షించెను. ఊక మాడి మిగిల్చిన బొగ్గును, ఇసుకసారమును ఆ మూసను కొలిమి వేడిమికి కరగనీయని గోడగా నిలిపినవని అట్టి పరీక్షలవలన తేలినది. 2010లో బెంగుళూరు, ఇంగ్లండు పండితులు కలిసి ఆ ప్రాంతపు ఊళ్ళను తిరిగి కొలుముల జాడలను నమోదు చేసిరి. కత్తిపై పేరు లేకున్నను పెంకుపై ఊకగింజ అచ్చు నిలిచియున్నది.

మన ప్రాంతమునకు వత్తము. పొరుగున బయ్యారమునందు ఇనుపరాయి గలదు. అచ్చట ఉక్కు కర్మాగారము రావలెనన్న మాట 2014 పునర్విభజన చట్టము నాటినుండి వినుచునే యున్నాము. కాజీపేటనుండి మన ఊరిమీదుగా పోవు రైలుమార్గము 1889 నాటికి బెజవాడను చేరినది. రైలు మోసికొనివచ్చిన కర్మాగారపు ఇనుము అగ్గువ. దానితో నేలనుండి రాయి తీసి కాచు పని నిలిచినను, కొలిమి నిలువలేదు. నాగటి కర్రు, కొడవలి, గీతకార్మికుని కత్తి, అడకత్తెర, చాకు, వీటినెల్ల ఊరి కమ్మరియే చేయుచు వచ్చెను. మోటారు బండ్లు వచ్చిన పిదప లారీ పట్టీలు విరిగినవి దొరకగా, మంచి ఉక్కు చేతికి వచ్చినదని కమ్మరులు వానినే కత్తులుగా కొట్టిరి. ఇది కాలనిర్ణయమునకు గట్టి ఆధారము: లారీ పట్టీతో చేసిన చాకు, ఎంత పాతదిగా కనబడినను, మోటారు బండికి ముందుది కాజాలదు. ఫ్రెంచివారికి తేనెటీగ ఎట్లో మనకు లారీ పట్టీ అట్లు.

పాత చాకు ఇంట నున్నవారు దానిని ఇటుకపొడితో రుద్ది తళతళలాడించుట మంచిదనుకొందురు. తుప్పుతోబాటు ఆకురాయి గీతలును పోవును, సుత్తెదెబ్బల ఆనవాళ్ళును పోవును. చేసినవాని చేవ్రాలు అవియే. పలుచగా నూనె రాసి ఊరకుండుట మేలు. ఒక కాగితపు చీటిపై అది ఏ ఊరిలో ఎవరు చేసిరో, ఎవరికి ఎప్పుడు చేసిరో, తెలిసినంతవరకు వ్రాసి దారముతో కట్టవలెను. ఒకే కమ్మరి చేసిన చాకులు మూడిండ్ల నుండి మూడు వచ్చి ఒకచోట చేరినచో, ఏది ముందో ఏది వెనుకో చెప్పుటకు వీలగును. ఒంటరి చాకు ఎంత అందమైనదైనను ఆ మాట చెప్పలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రము కావలెను. చాకు రూపమున చేసినవాని పాలెంతయో వాడినవాని పాలును అంతయే యుండును. ముప్పది యేండ్లు సానరాతిపై నూరిన అలుగు సగమునకు సగము అరిగి సన్నని ఆకు వలె నగును. దానిని చూచి ఈ కమ్మరి సన్నని అలుగులు చేయువాడని వ్రాసికొన్నవారు కలరు. అట్టిచోట అలుగు మొదట, శీల ప్రక్కన, పిడికి ఆనుకొనియున్న వ్రేలెడు భాగమును చూడవలెను. సానరాయి అచ్చటికి అందదు. కమ్మరి విడిచిన వెడల్పు అచ్చట అట్లే యుండును.